గేదె పొట్టలోని కూలిజనం

గేదె గడ్డి తిని పాలిస్తుంది. మన పల్లెల్లో ఇంతకన్నా తెలిసిన సంగతి మరొకటి లేదు. అయితే ఇందులో సగమే నిజం. గడ్డిని అరిగించుకునే శక్తి గేదెకి లేదు. ఆవుకి లేదు, మేకకి లేదు, గొర్రెకి లేదు. గడ్డిలోని పీచుని, అంటే సెల్యులోజుని, విడగొట్టే రసం పాలిచ్చే ఏ జంతువు ఒంట్లోనూ సొంతంగా తయారుకాదు. మనం గడ్డి తింటే ఏమవుతుందో, ఎవరి సాయమూ లేకుండా గేదె తిన్నా అదే అవుతుంది. కడుపు నిండుతుంది, ప్రాణం నిలవదు.

మరి ఆ పని చేసేదెవరు? గేదె పెద్దపొట్టలో కాపురముండే సూక్ష్మజీవులు. నాలుగు అరల కడుపులో మొదటి అర అది. నూరు లీటర్లకు పైగా పడుతుంది. నిజానికి అది పొట్ట కాదు, పులియబెట్టే గాబు. లోపల ఆక్సిజన్ ఉండదు. వేడి ఎప్పుడూ 39 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఆ రసం ఒక్క మిల్లీలీటరు తీసి చూస్తే అందులో వెయ్యి కోట్ల పైచిలుకు బాక్టీరియా ఉంటాయి. వాటితోపాటు ప్రోటోజోవాలనే ఏకకణ జీవులు, బూజుజాతివి కూడా ఉంటాయి. గడ్డిపోచని పట్టుకుని, కొరికి, పులియబెట్టి ఆమ్లాలుగా మార్చేది ఈ జనమే. ఆ ఆమ్లాలు పొట్ట గోడల్లోంచి రక్తంలోకి పోతాయి. గేదెకి కావలసిన శక్తిలో నూటికి 70 పాళ్లు ఇలా వచ్చేదే.

అంతటితో అయిపోలేదు. పని చేసి పెట్టిన ఈ బాక్టీరియా పెద్దపొట్టలోంచి జారి నాలుగో అరలోకి పోతుంది. అక్కడ అదే అరిగిపోతుంది. గేదెకి అందే మాంసకృత్తుల్లో సగానికి మించి ఈ అరిగిపోయిన బాక్టీరియాయే. కష్టం చేసి పెట్టి, చివరికి తామే ముద్దయిపోయే కూలిజనం అన్నమాట. అయితే మన పల్లెల్లో కూలికీ ఆసామికీ ఉండే పొత్తుకీ దీనికీ తేడా ఉంది. గేదె తన వంతు పని ఎగ్గొట్టదు. గంటల తరబడి నెమరువేసి గడ్డిని మెత్తగా నలిపి ఇస్తుంది. పెద్ద గొడ్డయితే రోజుకి నూరు లీటర్ల దాకా లాలాజలం ఊరించి, అందులోని సోడాగుణంతో పొట్టలోని పులుపుని అదుపులో పెడుతుంది. చూరు, వేడి, మేత అన్నీ అదే సమకూరుస్తుంది. ఇద్దరిలో ఎవరు లేకపోయినా రెండోవారు లేరు.

ఈ సంగతులు మనకెందుకని కొందరు కార్యకర్తలు అడగవచ్చు. కూలిరేట్లు, కౌలు, ఇళ్లస్థలాలు ఉండగా గేదె పొట్ట గొడవేమిటి అనవచ్చు. కూచిపూడి అంటే లోకానికి నాట్యం గుర్తుకొస్తుంది. కాని కూచిపూడి నుంచి మొవ్వ, పామర్రు, చల్లపల్లి మీదుగా దివిసీమ దాకా ఏ కూలిపేటకి పోయినా గుమ్మం ముందు కనపడేది ఒక గేదె, దాని దూడ. సెంటు పొలం లేనివాడికి అదే ఆస్తి. నాట్లు, కలుపులు, కోతలు లేని నెలల్లో పొయ్యి మండేది దాని మీదే. తెల్లారకముందే లేచి పేడ తీసి, పాలు పితికి, కేంద్రంలో పోసి, ఆ తర్వాత కూలికి పోయే ఆడవాళ్లెందరో మనకి తెలుసు. పాల కేంద్రంలో వాళ్ల చేతిలో పడే డబ్బు వెన్న శాతాన్ని బట్టి ఉంటుంది. ఆ వెన్న ఎక్కడిది? పీచుని పులియబెట్టి బాక్టీరియా తయారుచేసే ఆమ్లాల్లో ముఖ్యమైనది అసిటిక్ ఆమ్లం, అంటే వెనిగరులో ఉండేదే. పొదుగులో పాలకొవ్వుగా మారేదాంట్లో పెద్ద వాటా దానిదే. గడ్డి తగ్గించి తవుడు, నూకలు ఎక్కువ పెడితే పాలు కాస్త పెరిగినట్టు కనపడ్డా వెన్న పడిపోవడానికి కారణం ఇదే. పీచు తగ్గితే పీచు పని చేసే జనం కూడా తగ్గుతుంది. కనుక ఇది మన కూలిరేటుకి సంబంధించిన విషయమే.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఈ బాక్టీరియా గేదెకి ఎక్కడినుంచి వస్తుంది? తల్లి కడుపులోంచి వెంట తెచ్చుకుంటుందా? లేదు. ఈనిన దూడకి పెద్దపొట్ట ఉందంటే ఉంది, పనిచేసేది మాత్రం నాలుగో అర ఒక్కటే. పాలు తాగేటప్పుడు గొంతు కింద ఒక గాడిలాంటిది మూసుకుని, పాలని పెద్దపొట్టలో పడనీయకుండా నేరుగా నాలుగో అరలోకి దించుతుంది. పెద్దపొట్ట ముడుచుకుపోయిన ఖాళీ సంచిలా ఉంటుంది. ఆ సంచిలోకి జనం చేరడం పుట్టిన రోజునుంచే మొదలవుతుంది. తల్లి నాకుతుంది. నెమరువేసిన నోటితోనే నాకుతుంది కాబట్టి ఆ లాలాజలంతో తల్లి పొట్టలోని బాక్టీరియా దూడ మూతికి, ఒంటికి అంటుతుంది. దూడ పొదుగు కుడుస్తుంది, తల్లి తింటున్న గడ్డిలో మూతి పెడుతుంది, పాక నేలని, పేడని వాసన చూస్తుంది, నాకుతుంది. మనం అసహ్యంగా చూసి దూడని అదిలిస్తాం. అది నేర్చుకుంటున్నది అదే. పీచుని విడగొట్టే బాక్టీరియా మొదటి వారంలోనే పొట్టలో అడుగుపెడుతుంది. ప్రోటోజోవాల సంగతి ఇంకా స్పష్టం. పెద్ద పశువుల పొత్తు లేకుండా ఒంటరిగా పెంచిన దూడల పొట్టలో అవి అసలు చేరవని శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. ఒక పశువు నోటినుంచి మరో పశువు నోటికి చేరడం తప్ప వాటికి వేరే దారి లేదు.

జనం చేరితే చాలదు, వాళ్లకి పని ఉండాలి. ఎండుగడ్డి, పచ్చిగడ్డి, కాస్త దాణా దూడ నోటికి అందుతున్నకొద్దీ లోపల పులియడం మొదలై, ఆ ఆమ్లాల ప్రేరణతోనే పొట్ట గోడ పెరుగుతుంది. మూడు నెలలు వచ్చేసరికి దూడ నెమరువేసే పశువవుతుంది. బాక్టీరియా తన ఇల్లు తానే కట్టుకుంటుందన్నా తప్పులేదు.

ఈ దారి మన పేటల్లో ఎక్కడెక్కడ తెగుతున్నదో చూడాలి. మొదట జున్నుపాలు. గేదె ఈనినదంటే ఇరుగుపొరుగుకి పంచడం మన ఆచారం, మంచిదే. కాని ఇప్పుడు జున్నుపాలకి బజారులో ధర ఉంది. మొదటి పాలే అమ్ముకోవలసిన అవసరం ఇళ్లలో ఉంది. గేదెజాతిలో రోగాలను ఎదుర్కొనే శక్తి మాయలోంచి బిడ్డకి చేరదు. జున్నుపాలే దానికి ఏకైక దారి. అదీ మొదటి గంటల్లోనే. ఒకరోజు గడిచిందంటే దూడ పేగు ఆ శక్తిని రక్తంలోకి తీసుకోలేదు. దూడ బరువులో పదో వంతు పాలు ఆ మొదటి రోజున దానికి పోవాలి. తర్వాత రోజుల్లోనూ కేంద్రానికి పోసే పాలు పెంచడానికి దూడకి చేపు కోసం ఒక్క రొమ్ము అందించి లాగేస్తారు. మగ దూడయితే ఆ మాత్రం కూడా దక్కదు. బక్కచిక్కి, పారుడు పట్టి, వారాల్లో చచ్చే దూడలు ఎన్నో. మరుసటి ఈతకి పడ్డ కావలసిన దూడ ఇలా పోతుంది.

దీన్ని చూసి ఆడవాళ్లకి బుద్ధులు చెప్పే ఉపన్యాసాలు మనం చాలా విన్నాం. పశువుల శిబిరాల్లో వచ్చిన పెద్దలు దూడకి పాలు విడవమ్మా అని చెప్పి కారెక్కి పోతారు. ఆ తల్లి చేతిలో ఉన్నదేమిటి? గేదె అప్పుమీద కొన్నది. ఈనిన నెలనుంచే పాల డబ్బుల్లోంచి వాయిదా కోత పడుతుంది. కొన్నిచోట్ల గేదె ఆమెది కూడా కాదు. ఆసామి దగ్గర వాటాకి తెచ్చి మేపుతున్నది. పాలు తగ్గితే మాట పడేది ఆమె. దూడ నోరు కట్టేది ఆమె చెయ్యే కావచ్చు, ఆ చేతిని కదిలించేది అప్పు. అప్పిచ్చే బ్యాంకులు, సంఘాలు ఈనిన మొదటి రెండు నెలలు వాయిదా అడగకూడదు. అది దూడ కాలం అని గుర్తించాలి. ఇందులో దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదు. అప్పు తీరేది ఆ దూడ పెరిగితేనే.

రెండోది గడ్డి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. చేత్తో కోసి, కుప్ప వేసి, నూర్చిన రోజుల్లో ఎంతో కొంత వరిగడ్డి కూలివాడి ఇంటికి చేరేది. కోత మిషన్లు వచ్చాక కోతకూలి పోయింది, గడ్డీ పోయింది. మిషను వెనక గడ్డి ముక్కలై బురదలో పడుతుంది. కొందరు దాన్ని అక్కడే తగలబెడతారు. కొందరు మరో మిషను పెట్టి కట్టలు కట్టించి లారీలకెత్తి అమ్ముతారు. గడ్డిని పండించడానికి నడుం వంచి నాటువేసిన మనిషి ఆ గడ్డినే కొనుక్కోవలసి వస్తున్నది. మరోవైపు గుడివాడ, కైకలూరు దిక్కున చేపల చెరువులు, బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక, కోడూరు దిక్కున రొయ్యల చెరువులు పరుచుకున్నాయి. పశువు తిరిగి మేసే బీడు, పుంత, గట్టు చెరువుల పాలయ్యాయి. చెరువుగట్టు మీదకి గొడ్డుని పోనీయరు. మేసే చోటు పోవడమంటే కేవలం మేత పోవడం కాదు. పది ఇళ్ల పశువులు ఒకచోట మేసి, ఒక మడుగులో దిగి, ఒకదాని మూతి ఒకటి నాకే ఆ పొత్తు కూడా పోవడమే. గుంజకి కట్టేసిన ఒంటి దూడకి ఆ పొత్తు ఎక్కడిది?

వరిగడ్డి గొప్ప మేతేమీ కాదు. అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. ఇసుకగుణం ఎక్కువ. బాక్టీరియాకి పీచు దొరుకుతుంది గాని తన ఒళ్లు పెంచుకోవడానికి కావలసిన నత్రజని దొరకదు. అందుకే మన పెద్దలు సార్వా కోతకి ముందే చేలో పిల్లిపెసర, జనుము చల్లేవారు. ఎండుగడ్డిలో గుప్పెడు పిల్లిపెసర కలిపితే గేదె మొహం వెలిగిపోయేది. ఇప్పుడు మినుముకి డబ్బొస్తుంది కాబట్టి పిల్లిపెసర పక్కకి పోయింది. దీనికి ఒక దారి ఉంది. నూరు కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాని 50, 60 లీటర్ల నీళ్లలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, బాగా తొక్కి, గాలి చొరకుండా పరదా కప్పి 21 రోజులు ఉంచుతారు. గడ్డి మెత్తబడుతుంది, నత్రజని ఎక్కుతుంది. యూరియాని మాంసకృత్తిగా మార్చుకునేది బాక్టీరియాయే, గేదె కాదు. ఎరువుల బస్తాలోని పదార్థం పాలల్లో మాంసకృత్తిగా దిగుతున్నదంటే ఆ మహిమ ఎవరిదో ఆలోచించండి. అయితే జాగ్రత్త చాలా అవసరం. తీసిన గడ్డిని కాసేపు గాలికి ఆరబెట్టాలి. కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలి. ఆరు నెలలలోపు దూడలకి పెట్టకూడదు. వాటి పొట్టలో ఇంకా జనం కుదురుకోలేదు. యూరియాని కుడితిలో కలిపితే మాత్రం గొడ్డు గంటల్లో చస్తుంది. ఎరువు చల్లిన చేలో మడినీళ్లు తాగి చచ్చిన పశువుల సంగతి మన ఊళ్లలో తెలియనిది కాదు.

మేత ఏది మార్చినా నెమ్మదిగా మార్చమనేది కూడా ఇందుకే. గడ్డి తినే జనం వేరు, గింజ తినే జనం వేరు. కొత్త మేతకి కొత్త జనం పెరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పెళ్లిళ్ల రోజుల్లో ఏం జరుగుతుందో చూడండి. విందు మిగులు అన్నం గంపలకొద్దీ తెచ్చి, పాపం దాని నోరూ తియ్యన కావాలని గేదె ముందు పోస్తారు. అన్నం దొరకగానే పొట్టలో పిండిని తినే ఒక రకం బాక్టీరియా గంటల్లో పెరిగి పాలపులుపుని, అంటే లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. పులుపు పెరిగి పీచు జనం చస్తారు. నెమరు ఆగుతుంది, పొట్ట కదలదు, గొడ్డు పళ్లు కొరుకుతూ కూలబడుతుంది. మర్నాటికి యాభై అరవై వేల రూపాయల గేదె పోయిందని ఇంట్లో ఏడుపులు. ఎవరో దిష్టి పెట్టారంటారు. వరదలప్పుడు కూడా ఇదే జరుగుతుంది. రెండురోజులు మాడిన పశువుకి దొరికిందల్లా బియ్యం, నూకలు పెడతారు. సాయం చెయ్యబోయి చంపినట్టవుతుంది. ముందు గడ్డి, తర్వాతే మిగతావి.

అలా పడిపోయిన గొడ్డుకి మందు ఏమిటి? సోడాతో పులుపు తగ్గించవచ్చు. కాని చచ్చిన జనాన్ని మందుసీసా బతికించలేదు. ఆరోగ్యంగా ఉన్న మరో పశువు పెద్దపొట్ట రసాన్ని లీటర్లకొద్దీ తీసి, వెచ్చగా ఉండగానే రోగిష్టి గొడ్డు పొట్టలో పోయడమే వైద్యం. పశువైద్యులు ఇది చేస్తారు. కబేళాలో కోసిన ఆరోగ్యమైన పశువు నుంచి కూడా తీస్తారు. ఇది ఈనాటి మాటేమీ కాదు. స్వీడన్ దేశపు రైతులు 18వ శతాబ్దంలోనే మంచి ఆవు నోట్లోని నెమరుముద్ద తీసి నెమరు మానిన ఆవు నోట్లో పెట్టేవారు. బాక్టీరియా అంటే ఏమిటో అప్పటికి వాళ్లకి తెలియదు. తెలియకుండానే సరైన పని చేశారు. గన్నవరంలో 1998 నుంచి పశువైద్య కళాశాల ఉంది, ఘంటసాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఈ వైద్యం కాలేజీలో ఆగిపోకూడదు. మండలం పశువుల ఆసుపత్రి దాకా రావాలి. డాక్టరు ఖాళీ లేకుండా, సామాను కొరత లేకుండా చూడడం ప్రభుత్వం పని. ఊరికి దగ్గరలో ఆసుపత్రి గదికి తాళం వేసి ఉంటే ఈ శాస్త్రమంతా కాగితం మీదే.

పొత్తు మారితే పశువు ఎంత మారుతుందో చెప్పే కథ ఒకటి ఉంది. అది మనకీ తగిలేదే. ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలో నందిగామ దిక్కున కాగితం మిల్లుల కోసం సుబాబుల్ విస్తారంగా వేస్తారు. దాని ఆకు పప్పుజాతి ఆకు, మాంసకృత్తులు మెండు. కాని అందులో మైమోసిన్ అనే విషం ఉంది. అదేపనిగా మేపితే వెంట్రుకలు ఊడి, గొంతు వాచి, బరువు తగ్గి పశువు పాడవుతుంది. ఆస్ట్రేలియాలో పశువులకి ఇదే జరిగింది. హవాయి దీవుల్లో మేకలు మాత్రం అదే ఆకు తిని హాయిగా ఉన్నాయి. రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు తేడా మేకలో లేదు, దాని పొట్టలోని బాక్టీరియాలో ఉందని ఊహించాడు. 1980 దశకం మొదట్లో హవాయి మేకల పొట్టరసాన్ని ఆస్ట్రేలియా తీసుకుపోయి అక్కడి మేకలకి, పశువులకి ఎక్కించారు. విషం తిన్నా వాటికి ఏమీ కాలేదు. ఇంకా విశేషమేమంటే, మందలో కొన్నిటికి ఎక్కిస్తే కలిసి మేసే మిగతా పశువులకి అదే పాకింది. 1992లో ఆ బాక్టీరియాకి జోన్స్ పేరు కలిపి సినర్జిస్టిస్ జోన్సియై అని నామకరణం చేశారు. మేలుజాతి గొడ్డు, మేలుజాతి గొడ్డు అని మనవాళ్లు వేలకు వేలు పోసి కొంటారు. జాతి ఒక్కటే చాలదు, అది ఏ మందలో పెరిగిందో కూడా చూడాలని ఈ కథ చెబుతున్నది.

పొత్తు గేదెలకే పరిమితం కాదు. కొన్ని పురుగులు తమ బాక్టీరియాని గుడ్డులోనే పెట్టి పిల్లకి ఇస్తాయి. మన మినుముకి పల్లాకు తెగులు అంటించే తెల్లదోమ, ఆకుల రసం పీల్చే పేనుబంక అలాంటివే. ఆకురసంలో దొరకని పోషకాలు వాటికి ఆ బాక్టీరియాయే తయారుచేసి పెడుతుంది. మరికొన్ని చుట్టూ ఉన్న నేలనుంచి, నీటినుంచి ఎంచుకుంటాయి. హవాయి సముద్రంలో ఒక చిన్న జలచరం ఉంది, కణవ జాతిది. అది పుట్టినప్పుడు ఒట్టిది. కొన్ని గంటల్లోనే సముద్రపు నీటిలోని వేల రకాల బాక్టీరియాలోంచి ఒకే రకాన్ని లోపలికి రానిస్తుంది. రాత్రి ఆ బాక్టీరియా ఇచ్చే వెలుగులో తన నీడ పడకుండా వేటాడుతుంది. తెల్లారేసరికి నూటికి తొంభై వంతులు బయటికి గెంటి, మళ్లీ పెంచుకుంటుంది. జపాన్‌లో చిక్కుడు పంటని పీల్చే నల్లి నేలలోంచి ఒక బాక్టీరియాని తెచ్చుకుంటుంది. ఫెనిట్రోథియాన్ అనే పురుగుమందు అదేపనిగా కొట్టిన నేలలో ఆ మందునే తినగల బాక్టీరియా పెరిగింది. దాన్ని మింగిన నల్లి ఆ మందుకి చావడం మానేసింది. ఇది 2012లో బయటపెట్టిన విషయం. డబ్బా మీద డబ్బా కొట్టమనే మందుల దుకాణాలవాళ్లు ఇది చెప్పరు. వాళ్లకి అంత తీరిక ఉండదు కాబోలు!

కోళ్ల సంగతి చూడండి. మన పెరట్లో పెట్ట వెంట తిరిగే పిల్ల తల్లి గీరిన చోటే గీరి, దాని రెట్టలోనే ముక్కు పెడుతుంది. హేచరీలో పొదిగిన పిల్ల తల్లి మొహమే చూడదు. దాని పేగు ఖాళీ ఇల్లు. ముందొచ్చిన దొంగదే రాజ్యం. ఫిన్లండులో నూర్మి అనే శాస్త్రజ్ఞుడు 1973లో ఒక పరీక్ష చేశాడు. పెద్ద కోడి పేగులోని పదార్థాన్ని పుట్టిన పిల్లలకి పట్టిస్తే, సాల్మొనెల్లా రోగక్రిమికి లోపల చోటు దొరకలేదు. అదే దారిలో పోతే ఎంత చవక! కాని మన దేశంలో కోళ్ల పరిశ్రమ చాలాకాలం చేసింది, పిల్లలకి మేతలోనే ఏంటీబయాటిక్ కలిపి పెట్టడం. మనుషులకి చివరి ఆశగా దాచుకోవలసిన కొలిస్టిన్ మందుని కూడా కోళ్లకి పోశారు. 2019 జూలైలో కేంద్రం దాన్ని పశువుల్లో, కోళ్లలో వాడరాదని నిషేధించేదాకా అది సాగింది. ఏంటీబయాటిక్ మంచిక్రిమి, చెడ్డక్రిమి అని చూడదు. రోగం ఉంటే వాడాలి, డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. లావెక్కడానికి వాడడమంటే పంట చేలో కలుపు లేకుండానే కలుపుమందు కొట్టడం.

రొయ్యల చెరువుల్లో ఇదే తంతు మరో రూపంలో ఉంది. రొయ్యపిల్ల తన పేగు జనాన్ని చెరువు నీళ్లలోంచే తెచ్చుకుంటుంది. చెరువు అడుగు కుళ్లితే చెడ్డ విబ్రియోలు పెరుగుతాయి. అప్పుడు మేలుచేసే బాక్టీరియా అని పొట్లాలు, డబ్బాలు కొని పోస్తారు. నీటి తీరు, ఒత్తుగా పిల్లని వదలడం, మేత ఎక్కువ వెయ్యడం మార్చకుండా పొట్లం పోస్తే ఆ వచ్చిన జనం నిలబడరు. డబ్బు కంపెనీది, అప్పు కౌలుదారుది. చెరువులో దిగి ఆ బురదలో నిలబడే కూలీకి చర్మం చెడినా అడిగేవాడు లేడు. పేడలో, గడ్డిలో, నీళ్లలో ఉచితంగా దొరికినదాన్ని ముందు చంపి, తర్వాత పొట్లంలో పెట్టి అమ్మడం కొత్త వ్యాపారం. గేదెలకి కూడా అలాంటి పొడులు బజారులోకి వచ్చాయి. పని చేసేవి కొన్ని ఉండవచ్చు. పరీక్షించి చెప్పవలసింది ప్రభుత్వ సంస్థలు, అమ్మేవాడు కాదు.

మన గేదెల తేపు వల్ల భూమి వేడెక్కుతున్నదని కూడా ఈ మధ్య దొరలు అంటున్నారు. పొట్టలో పుట్టే మీథేన్ గాలి నిజమే. తిన్న మేతలోని శక్తిలో కొంత అలా గాలికే పోతుంది. మేత మెరుగైతే లీటరు పాలకి ఆ నష్టం తగ్గుతుంది. ఒక్క గేదె ఉన్న పేదరాలి మీద విమానాల్లో తిరిగేవాళ్ల వేలు చూపుడు మాత్రం విడ్డూరం.

చివరికి మనిషి బిడ్డ సంగతీ ఇదే. బిడ్డకి అరగని చక్కెరలు తల్లిపాలలో ఉంటాయి. అరగనివి ఎందుకున్నాయో చాలాకాలం తెలియలేదు. అవి బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగులో చేరే బాక్టీరియా కోసం. పుట్టేటప్పుడు తల్లి ఒంటినుంచి, తర్వాత పాలనుంచి, ఒడినుంచి బిడ్డ ఆ పొత్తు తెచ్చుకుంటుంది. కడుపు కోసి తీసిన బిడ్డకి మొదట అంటేది చర్మం మీది క్రిములు. 2019 - 21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు, తెలంగాణలో 60 కాన్పులు కోత కాన్పులే. అవసరమైన కోత ప్రాణం నిలుపుతుంది, దాన్ని ఎవరూ కాదనరు. ఇన్ని అవసరమా అన్నదే ప్రశ్న. మన పక్క రాష్ట్రం ఒడిశా పల్లెల్లో పినాకి పాణిగ్రాహి బృందం 4,556 మంది పసిబిడ్డల మీద ఒక పరీక్ష చేసి 2017లో ఫలితం ప్రకటించింది. ఒక మంచి బాక్టీరియాని, దాని మేతతో సహా, పుట్టిన తొలి రోజుల్లో ఏడు రోజులు పట్టించారు. పట్టించని బిడ్డల్లో రక్తం విషమించడమో మరణమో నూటికి 9 ఉంటే, పట్టించినవారిలో అది 5.4కి తగ్గింది. వాళ్లంతా తల్లిపాలు తాగుతున్న బిడ్డలే. అంటే తల్లిపాలు ఉంటేనే ఆ కూలిజనానికి కూడా తిండి. నాట్ల సీజనులో బాలింత పదిహేను రోజులకే మడిలో దిగుతుంటే, గట్టు మీద ఉయ్యాలలో బిడ్డ డబ్బాపాలో, పంచదార నీళ్లో తాగుతుంటే ఈ శాస్త్రం ఎవరికి? కూలితల్లికి ఆరు నెలల జీతం ఇమ్మనడం గొంతెమ్మ కోరిక కాదు. ఆఫీసు ఉద్యోగినికి ఆ హక్కు ఎప్పుడో వచ్చింది.

ఈ సార్వా కోతలకి కూలిబేరం కుదుర్చుకునే చోట గడ్డి మాట కూడా ఎత్తాలని మా అభిప్రాయం. చేతికోత అయితే ఎకరానికి ఎన్ని మోపులు కూలివాళ్లవో ముందే తేల్చాలి. మిషను కోత అయితే గడ్డి తగలబెట్టకుండా, పేటలో గేదె ఉన్న ప్రతి ఇంటికీ కట్టల్లో వాటా ఇవ్వాలి. పంచాయితీ పోరంబోకులో, కాలవ గట్ల మీద ఆక్రమణలు తీయించి, కనీసం ఒక ముక్క ఊరి పశువులకి విడిపించాలి. ఆ ముక్కలో దూడలు తల్లుల వెంట తిరగాలి. సంఘం బాధ్యులు ఊరి గట్లు, పుంతలు రెవిన్యూ పటంలో ఎక్కడెక్కడ ఉన్నాయో, ఇప్పుడు ఎవరి చెరువులో కలిసిపోయాయో కోతలు మొదలయ్యేలోగా రాసి పెట్టుకోవాలి. మొవ్వ, ఘంటసాల, చల్లపల్లి మండలాల నుంచి మొదలుపెట్టవచ్చు.